జేమ్స్ బాండ్ ఒక్కడే, నటులు ఆరుగురు: తేడాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

క్లుప్తంగా: 1962 నుంచి 2021 దాకా ఇయాన్ (Eon) అనే నిర్మాణ సంస్థ తీసిన 25 బాండ్ సినిమాల్లో ఆరుగురు నటులు ఆ పాత్ర వేశారు. ఎవరు గొప్ప అన్న వాదన ఎప్పుడూ నటుల చుట్టూనే తిరుగుతుంది. కానీ ఒక్కో బాండ్ అలా ఎందుకు ఉన్నాడో తెలియాలంటే అంతకుముందు వచ్చిన సినిమా, అప్పటి పోటీ సినిమాలు, హక్కుల గొడవలు, నటుడి వయసు కూడా చూడాలి. డేనియల్ క్రెయిగ్ కాలంలో ఒక పాత పద్ధతి తెగిపోయింది కాబట్టి ఏడో నటుడి పని ఇదివరకటి వాళ్ల కంటే కష్టం.

బాండ్ సినిమాలను అరవై ఏళ్లకు పైగా తమ చేతుల్లోనే పెట్టుకున్న బ్రాకలీ కుటుంబం 2025 ఫిబ్రవరిలో ఆ పట్టు వదిలేసింది. కథ ఏమిటి, దర్శకుడు ఎవరు, హీరో ఎవరు అన్న నిర్ణయాలు బార్బరా బ్రాకలీ, మైకేల్ జి. విల్సన్ నుంచి అమెజాన్ ఎంజీఎం స్టూడియోస్‌కు వెళ్లిపోయాయి. కొన్ని నెలలకే దర్శకుడు డెనీ విల్నెవ్ అని, రచయిత స్టీవెన్ నైట్ అని ప్రకటించారు. దాంతో కొత్త బాండ్ ఎవరన్న చర్చ ఊపందుకుంది, దాని వెనకే పాత ప్రశ్న కూడా లేచింది: ఇప్పటిదాకా వేసినవాళ్లలో అసలు బాండ్ ఎవరు?

దీనికి వచ్చే జవాబు చాలాసార్లు అడిగినవాళ్ల వయసును బట్టే ఉంటుంది, మొదట చూసిన బాండే చాలామందికి అసలు బాండ్. ఆరుగురినీ వరసగా నిలబెట్టి మార్కులు వేస్తే తేలేది అంతకంటే ఎక్కువ ఉండదు. ఒకరు పోయి ఇంకొకరు వచ్చినప్పుడు నిర్మాతలు ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నది చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

## మొహం మారినా చుట్టూ ఉన్నది మారదు

ఇయాన్ ఫ్లెమింగ్ మొదటి బాండ్ నవల 'కాసినో రాయల్' 1953లో వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా టీవీలో అదే కథతో ఒక గంట కార్యక్రమం చేస్తే అందులో బారీ నెల్సన్ అనే అమెరికన్ నటుడు బాండ్ వేశారు, ఆ బాండ్ అమెరికన్ ఏజెంటే. 1967లో అదే పేరుతో వచ్చిన హాస్య సినిమాలో డేవిడ్ నివెన్ వేశారు. ఇవి రెండూ అసలు వరసలోకి రావు. ఆల్బర్ట్ బ్రాకలీ, హ్యారీ సాల్ట్‌జ్‌మన్ కలిసి పెట్టిన ఇయాన్ సంస్థ 1962లో 'డాక్టర్ నో'తో మొదలుపెట్టిందే అసలు వరస.

హీరో మారినా ప్రేక్షకుడు అదే మనిషి అనుకోవాలి, ఇది ఏ సినిమాకైనా కష్టమైన పనే. ఇయాన్ వాళ్లు దీనికి వాడిన ఉపాయం చాలా మామూలుది: హీరోని మార్చారు, ఆఫీసును మార్చలేదు. పై అధికారి 'ఎం'గా బెర్నార్డ్ లీ 1962 నుంచి 1979 దాకా ఉన్నారు. సెక్రటరీ మనీపెన్నీగా లోయిస్ మాక్స్‌వెల్ 1985 దాకా 14 సినిమాలు చేశారు. ఆయుధాలు ఇచ్చే క్యూగా డెస్మండ్ లువెలిన్ 1963 నుంచి 1999 దాకా 17 సినిమాల్లో కనిపించారు, అంటే ఐదుగురు బాండ్‌లకు ఆయనే బ్రీఫ్‌కేసులు, కార్లు అప్పగించి జాగ్రత్తలు చెప్పారు. తలుపు తోసుకుని లోపలికి వచ్చినవాడు కొత్తవాడైనా, లోపల కూర్చున్నవాళ్లు అతన్ని పాత మనిషిలాగే పలకరిస్తే ప్రేక్షకుడు కూడా ఒప్పుకుంటాడు. దీనికి తోడు తుపాకీ గొట్టంలోంచి కనిపించే మొదటి షాట్, మాంటీ నార్మన్ థీమ్ మ్యూజిక్ దాదాపు ఎప్పుడూ ఉంటాయి. కథలు కూడా దేనికదే విడిగా ఉండేవి కాబట్టి పాత లెక్కలు ఎవరూ అడగరు.

'జేమ్స్ బాండ్' అనేది ఒకరి నుంచి ఒకరికి అందే కోడ్‌నేమ్ అని అభిమానుల్లో ఒక వాదన ఉంది. సినిమాలే దాన్ని కాదంటాయి. 1969 సినిమాలో జార్జ్ లాజెన్‌బీ వేసిన బాండ్ పెళ్లాడిన ట్రేసీ హత్యకు గురవుతుంది, 1981 సినిమా మొదలయ్యేసరికి ఆమె సమాధి దగ్గర పూలు పెడుతున్నది రోజర్ మూర్. 'స్కైఫాల్'లోనేమో స్కాట్లండ్‌లో బాండ్ అనే ఇంటిపేరుతోనే తల్లిదండ్రుల సమాధి కనిపిస్తుంది.

## కానరీ: నవలను కూడా మార్చిన నటుడు

ఫ్లెమింగ్ రాసిన బాండ్ ఖరీదైన బడిలో చదివిన ఇంగ్లిష్ పెద్దమనిషి. షాన్ కానరీది ఎడిన్‌బరోలో కార్మిక కుటుంబం. ఆయన ఇంటింటికీ పాలు పోశారు, నేవీలో చేశారు, బాడీబిల్డింగ్ పోటీలకు వెళ్లారు. ఈ రెండిటికీ మధ్య దూరాన్ని పూడ్చింది దర్శకుడు టెరెన్స్ యంగ్. కానరీని తన సొంత టైలర్ ఆంథొనీ సింక్లెయిర్ దగ్గరికి తీసుకెళ్లి సూట్లు కుట్టించారు, ఎలా తినాలో ఎలా నడవాలో నేర్పించారు. పైన మర్యాద, లోపల ఎప్పుడైనా చెయ్యి చేసుకోగల మొరటుతనం, కానరీ బాండ్‌లో కనిపించే ఆ పదును అలా పుట్టింది. చంపిన వెంటనే ఒక చమత్కారం విసిరే అలవాటు కూడా సినిమాలదే, నవలల్లో బాండ్‌కు హాస్యం బాగా తక్కువ.

ఫ్లెమింగ్‌కు మొదట కానరీ ఎంపిక నచ్చలేదు. సినిమా చూశాక అభిప్రాయం మార్చుకుని, 1964 నవలలో బాండ్ తండ్రిని స్కాట్లండ్ వాడిగా రాశారు. నటుడి కోసం రచయితే పాత్ర పుట్టుపూర్వోత్తరాలు సర్దడం చాలా అరుదు.

కానరీ సినిమాలను వరసగా చూస్తే ఇంకో మార్పు కనిపిస్తుంది. 1963 సినిమాలో పరికరం అంటే ఒక బ్రీఫ్‌కేసు. 1964లో సీటుతో సహా మనిషిని పైకి ఎగరేసే ఆస్టన్ మార్టిన్ డీబీ5 వచ్చింది. 1967లో 'యూ ఓన్లీ లివ్ ట్వైస్' కోసం కెన్ ఆడమ్ వేసిన అగ్నిపర్వతం సెట్టుకే దాదాపు పది లక్షల డాలర్లయ్యాయి, ఐదేళ్ల ముందు 'డాక్టర్ నో' మొత్తం సినిమాకు అయిన ఖర్చు దాదాపు అంతే. సెట్టు పెరిగినకొద్దీ నటుడికి చేయడానికి మిగిలింది తగ్గింది. జపాన్ షూటింగులో పత్రికలవాళ్ల తాకిడికి కూడా విసిగిపోయి కానరీ తప్పుకున్నారు.

## లాజెన్‌బీ: ఓడిపోయింది సినిమా కాదు

ఆ తర్వాత వచ్చిన 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' తీసింది పీటర్ హంట్, అంతకుముందు బాండ్ సినిమాలకు ఎడిటర్. పరికరాలు దాదాపు తీసేసి నవలను నమ్ముకుని వెళ్లారు, బాండ్ ప్రేమిస్తాడు, పెళ్లి చేసుకుంటాడు, చివరి సీనులో భార్య శవాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. హీరో జార్జ్ లాజెన్‌బీ ఆస్ట్రేలియన్ మోడల్, అంతకుముందు సినిమా అనుభవం లేదనే చెప్పాలి. అప్పటికి 29 ఏళ్లు, ఆరుగురిలో అందరికంటే చిన్నవారు.

లాజెన్‌బీ వల్లే సినిమా పోయిందని చాలాకాలం అనుకున్నారు, అది సరైన లెక్క కాదు. వసూళ్లు కానరీ చివరి సినిమా కంటే తగ్గిన మాట నిజం, కానీ నష్టాలేమీ రాలేదు. సినిమా విడుదల కాకముందే, ఇలాంటి హీరోలకు కాలం చెల్లిందన్న సలహా విని ఆయనే తప్పుకున్నారు. ఇప్పుడు బాండ్ అభిమానులు ఈ సినిమాను మొదటి వరసలో పెడతారు, అది సబబే. నటనలో అనుభవం లేకపోవడం కొన్నిచోట్ల తెలిసిపోతుంది గానీ, చివరి సీనులో ఆ బెదిరిన మొహమే బాగా పనిచేసింది.

నిర్మాతలు మాత్రం ఇందులోంచి వేరే పాఠం తీసుకున్నారు. 1971లో 12.5 లక్షల డాలర్లిచ్చి కానరీని వెనక్కి తెచ్చారు (ఆ డబ్బును ఆయన స్కాట్లండ్‌లో ఒక విద్యా ట్రస్టుకు ఇచ్చేశారు). బాండ్ భార్య చనిపోయిన దుఃఖాన్ని అక్కడే వదిలేసి తేలికపాటి కథ ఒకటి తీశారు. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలు బాండ్ కథలో ప్రేమ, పెళ్లి లాంటివి అంత లోతుగా మళ్లీ కనపడవు.

## మూర్: పోలిక రాకుండా కట్టిన బాండ్

రోజర్ మూర్ కానరీ కంటే మూడేళ్లు పెద్ద. 1973లో మొదటి బాండ్ సినిమా వచ్చేసరికి ఆయనకు 45, చివరిది 1985లో వచ్చేసరికి 57. ఈ వయసు గుర్తుపెట్టుకుంటే మూర్ సినిమాలు అలా ఎందుకున్నాయో సగం తెలిసిపోతుంది. ముష్టియుద్ధాలు తగ్గాయి, వెంటాటలు పెరిగాయి, కష్టమైన స్టంట్లన్నీ డూపులవి, హీరో చేతిలో మిగిలిన ఆయుధం మాట. మూర్‌కు ఆ మాట విసరడం బాగా వచ్చు, 'ది సెయింట్' టీవీ సీరియల్‌లో ఏళ్ల తరబడి చేసింది అదే.

మిగతా సగం కావాలని చేసింది. కానరీ గుర్తు రాకూడదని సిగరెట్ బదులు చుట్ట పెట్టారు, ఆస్టన్ మార్టిన్ తీసేసి 1977లో నీళ్లలో జలాంతర్గామిగా మారే లోటస్ ఎస్ప్రీ ఇచ్చారు. మార్టీనీ ఆర్డరిచ్చే అలవాటు కూడా మాన్పించారు. లాజెన్‌బీని కానరీలా నిలబెట్టి దెబ్బతిన్నవాళ్లు మూర్ దగ్గర అదే తప్పు మళ్లీ చేయలేదు.

ఊళ్లో ఏది ఆడుతుంటే దాని వెంట వెళ్లడం కూడా ఈ కాలంలోనే బాగా కనిపిస్తుంది. నల్లజాతి హీరోల యాక్షన్ సినిమాలు ఊపు మీదున్న 1973లో కథ హార్లెమ్‌కు వెళ్లింది, కుంగ్‌ఫూ సినిమాలు ఆడుతున్న 1974లో బాండ్ కరాటే బడికి వెళ్లాడు. 1977 సినిమా చివర్లో తర్వాతిది 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' అని వేశారు. ఈలోగా 'స్టార్ వార్స్' ప్రపంచాన్ని ఊపేయడంతో దాన్ని పక్కన పెట్టి 1979లో 'మూన్‌రేకర్' తీసి బాండ్‌ను అంతరిక్షంలోకి పంపారు.

అంతరిక్షం దాకా వెళ్లాక ఇంకా పైకి పోవడానికి ఏమీ లేదు కాబట్టి కిందికి దిగారు. 1981 సినిమాలో లోటస్ మొదట్లోనే పేలిపోతుంది, బాండ్ ఒక పాత సిట్రోయెన్ డొక్కు కారులో పారిపోతాడు. అందులో కొండ అంచున ఊగుతున్న కారును తన్ని హంతకుణ్ని లోయలోకి తోసే సీను ఉంది. ఇది తన బాండ్ చేసే పని కాదని మూర్ అభ్యంతరం చెప్పారు, దర్శకుడు జాన్ గ్లెన్ పట్టుబట్టి తీయించారు. ఒకే నటుడు, రెండేళ్ల తేడా, రెండు వేరే బాండ్‌లు. కాబట్టి బాండ్ ఎంత మొరటుగా ఉండాలి, ఎంత సరదాగా ఉండాలి అన్నది నటుడు ఒక్కడే తేల్చే విషయం కాదు.

1983లో కానరీ బయటి నిర్మాతలకు 'నెవర్ సే నెవర్ ఎగైన్' చేశారు. అదే ఏడాది ఉదయ్‌పూర్‌లో తీసిన, విజయ్ అమృత్‌రాజ్, కబీర్ బేడీ నటించిన 'ఆక్టోపస్సీ'తో మూర్ వచ్చారు. వసూళ్లలో గెలిచింది మూర్ సినిమానే. పాత బాండ్ తిరిగొచ్చినా ఆ చుట్టూ ఉండే సరంజామా లేకపోతే పూర్తిగా అతకదని అప్పుడు తేలింది.

## డాల్టన్, బ్రాస్నన్: తేదీలు తారుమారైన ఇద్దరు

1986లో పియర్స్ బ్రాస్నన్‌ను ఖాయం చేసుకున్నారు. ఆయన చేస్తున్న 'రెమింగ్టన్ స్టీల్' సీరియల్ ఆగిపోయిందనుకుంటే, బాండ్ వార్తతో దానికి మళ్లీ గిరాకీ వచ్చి ఎన్‌బీసీ టీవీ గడువు ముగిసే వేళకు కాంట్రాక్టు పొడిగించింది. ఒకే మనిషి వారం వారం టీవీలో, ఆపైన బాండ్‌గా థియేటర్లో అంటే బ్రాకలీ ఒప్పుకోలేదు. అలా తిమొథీ డాల్టన్ వచ్చారు.

షేక్‌స్పియర్ నాటకాల నుంచి వచ్చిన డాల్టన్ ఫ్లెమింగ్ నవలలు దగ్గర పెట్టుకుని పాత్ర కట్టారు. అలసిన మనిషి, ఉద్యోగం మీద విసుగు, చంపాలంటే ఇష్టం లేదు గానీ చంపగలడు. నవలలకు దగ్గరైన బాండ్ ఎవరంటే డాల్టన్ పేరు చెప్పడమే న్యాయం. 1989లో 'లైసెన్స్ టు కిల్' పగ కథ. అందులో విలన్ డ్రగ్స్ ముఠా నాయకుడు, హింస ఎంత ఎక్కువంటే బ్రిటన్‌లో 15 ఏళ్లు నిండినవాళ్లకే అనుమతిచ్చారు. పైగా ఆ వేసవిలో అమెరికాలో 'బ్యాట్‌మన్', కొత్త 'ఇండియానా జోన్స్', 'లెథల్ వెపన్ 2' ఒకేసారి ఆడుతున్నాయి. అక్కడ వచ్చింది సుమారు 3.5 కోట్ల డాలర్లే.

ఆ తర్వాత బాండ్ సినిమాలు విడుదల చేసే ఎంజీఎం స్టూడియో అమ్మకం మీద కోర్టు గొడవలు మొదలై ఆరేళ్లపాటు బాండ్ సినిమానే లేదు. ఆ గొడవలు లేకపోతే డాల్టన్ మూడోది చేసేవారే. 1994లో తప్పుకున్నారు. 'లైసెన్స్ టు కిల్' వచ్చిన 17 ఏళ్లకు క్రెయిగ్ అదే ధోరణిలో చేస్తే ప్రపంచం చప్పట్లు కొట్టింది, డాల్టన్ నాటికి ప్రేక్షకులు ఇంకా మూర్ నవ్వుకు అలవాటుపడి ఉన్నారు.

1995లో 'గోల్డెన్‌ఐ'తో బ్రాస్నన్ వచ్చేసరికి సోవియట్ యూనియన్ లేదు, ఇక గూఢచారి ఎందుకు అని పత్రికలు అడుగుతున్నాయి. సినిమా ఆ ప్రశ్నను దాచలేదు. కొత్త ఎం జూడీ డెంచ్, ఆడవాళ్లను చులకనగా చూసే డైనోసార్‌వి నువ్వు, ప్రచ్ఛన్న యుద్ధం వదిలివెళ్లిన శిథిలానివి అని బాండ్ మొహం మీదే అంటుంది. ఒకసారి తిట్టించుకున్నాక బాండ్ తన పాత పనులన్నీ నిశ్చింతగా చేసుకోవచ్చు, స్క్రిప్టు అలా తెలివిగా దారి వేసింది. బ్రాస్నన్ కానరీ పదును, మూర్ నవ్వు రెండూ కలిపారు. ఆ కలపడంలో తనదంటూ ప్రత్యేకంగా ఏదీ నిలవలేదన్న విమర్శ ఉంది. 'ది వరల్డ్ ఈజ్ నాట్ ఇనఫ్'లో ప్రేమించిన విలన్‌ను కాల్చే సీను చూస్తే మాత్రం ఆయన దగ్గర ఇంకా చాలా ఉందని, ఎవరూ అడగలేదని అనిపిస్తుంది.

2002లో 'డై అనదర్ డే'లో కంటికి కనపడని కారు, కంప్యూటర్‌తో గీసిన అలలు వచ్చాయి. అప్పటిదాకా వచ్చిన బాండ్ సినిమాలన్నిటి కంటే ఎక్కువ వసూలు చేసింది, అయినా హీరోని తీసేశారు. మళ్లీ 'మూన్‌రేకర్' దగ్గరికే వచ్చామని నిర్మాతలకు తెలుసు, అదే ఏడాది జేసన్ బోర్న్ అనే మరో గూఢచారి సినిమా వచ్చి గూఢచారి కొట్లాట ఎంత దగ్గరగా, ఎంత కటువుగా చూపించవచ్చో చూపించింది.

## క్రెయిగ్: హక్కులు చేతికొచ్చాకే సాధ్యమైన మార్పు

2005 అక్టోబరులో డేనియల్ క్రెయిగ్ పేరు చెప్పగానే బంగారు రంగు జుట్టు బాండేమిటని గోల మొదలైంది. 'కాసినో రాయల్' వచ్చాక ఆ గోల ఆగిపోయింది. ఇక్కడ ఎక్కువమంది వదిలేసే సంగతి ఒకటుంది: ఆ మొదటి నవల హక్కులు ఫ్లెమింగ్ తొలిరోజుల్లోనే వేరేవాళ్లకు అమ్మేయడంతో ఇయాన్ దగ్గర లేనేలేవు. 1999లో సోనీతో రాజీ కుదిరాకే వచ్చాయి. బాండ్ ఎలా బాండ్ అయ్యాడో చెప్పే కథ కానరీకి గానీ మూర్‌కు గానీ దొరికే అవకాశమే లేదు.

దర్శకుడు మార్టిన్ క్యాంప్‌బెల్, 'గోల్డెన్‌ఐ' తీసింది ఆయనే. రచయితల్లో నీల్ పర్విస్, రాబర్ట్ వేడ్ ఉన్నారు, కనపడని కారు సినిమా రాసింది వాళ్లే. నిర్మాతలు కూడా వాళ్లే. మరి తేడా ఏది? మడగాస్కర్‌లో జరిగే వెంటాట చూస్తే చాలు. పారిపోయేవాడు చిన్న సందులోంచి పక్షిలా దూరిపోతాడు, వెనకాల వస్తున్న బాండ్ పక్కనున్న గోడను పగలగొట్టుకుని వస్తాడు. ఇంకా నేర్చుకోని, దెబ్బలు తగిలే, తప్పులు చేసే బాండ్ కావాలని అనుకున్నాక దానికి సరిపోయే శరీరం, మొహం ఉన్న నటుణ్ని ఎంచుకున్నారు. నిర్ణయం ముందు జరిగింది, ఎంపిక తర్వాత వచ్చింది. అలాగని క్రెయిగ్ గొప్పతనం తగ్గదు, షవర్ కింద హీరోయిన్ వెస్పర్ పక్కన వేసుకున్న బట్టలతోనే కూర్చుండిపోయే సీను ఇంకెవరు చేసినా అంత నిశ్శబ్దంగా ఉండేది కాదు.

పాత పద్ధతి తెగింది మాత్రం ఇక్కడే. 2008 సినిమా ముందుదాని కొనసాగింపుగా మొదలైంది, 2015లో 'స్పెక్టర్' అన్ని సినిమాల విలన్లనూ ఒకే తాడుతో కట్టాలని చూసింది (ఆ కట్టు అతికినట్టు ఉండదు), 2021లో 'నో టైమ్ టు డై' చివర బాండ్ చనిపోయాడు. మధ్యలో 'స్కైఫాల్' ఒక్కటే 110 కోట్ల డాలర్లు దాటింది కాబట్టి ఈ దారి తప్పని ఎవరూ అనలేదు. కానీ అరవై ఏళ్లుగా మొహం మార్చి అదే మనిషి అనిపించిన వెసులుబాటు ఆ మరణంతో పోయింది.

## తెలుగులో లెక్క తిరగబడింది

బాండ్ గాలి తెలుగుకు త్వరగానే తగిలింది. 1966లో కృష్ణ 'గూఢచారి 116' చేసి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకున్నారు, తర్వాత 'జేమ్స్ బాండ్ 777', 'ఏజెంట్ గోపి' లాంటివి వరసగా వచ్చాయి. గమనిస్తే ఇక్కడ జరిగింది సరిగ్గా ఎదురు. అక్కడ పేరు నిలిచింది, హీరోలు మారారు. ఇక్కడ హీరో నిలిచాడు, నంబర్లు, పేర్లు మారాయి. తెలుగులో ప్రేక్షకుడు టికెట్టు కొనేది హీరోని చూసి, 116 పాత్రను ఇంకొకరికి ఇచ్చి కొనసాగిద్దామన్న ఆలోచనకు ఇక్కడ చోటు లేదు. 2018లో అడివి శేష్ 'గూఢచారి'లో 116 మళ్లీ వినిపించినా అది పాత సినిమాకు పెట్టిన దండమే, అదే పాత్ర కాదు.

## ఏడో నటుడి ముందున్నవి

చనిపోయిన మనిషిని మళ్లీ తేవాలంటే మొదటి నుంచి కొత్తగా చెప్పాలి. ఎం, మనీపెన్నీ, క్యూ వేసిన రేఫ్ ఫైన్స్, నయోమి హ్యారిస్, బెన్ విషా ఆఫీసులో అలాగే ఉంటారా అన్నది మొదటి చిక్కు. 2006లో అంతా కొత్తగా మొదలుపెట్టినా జూడీ డెంచ్‌ను ఉంచేశారు కాబట్టి దారి లేకపోలేదు, కానీ వీళ్ల పాత్రలు బాండ్ మరణానికి గ్లాసులెత్తి వీడ్కోలు చెప్పేశాయి. రెండోది వయసు. 45లో మొదలుపెడితే పన్నెండేళ్లకు మూర్ పరిస్థితి వస్తుంది, మరీ చిన్నవాణ్ని తీసుకుంటే లోకం చూసిన అలసట మొహంలో ఉండదు.

మూడోది నిర్ణయాలు ఎవరు చేస్తారన్నది. ప్రతి మితిమీరిన సినిమా తర్వాత వెనక్కి తగ్గమని చెప్పింది ఒకే కుటుంబం. అమెజాన్ 2022లో 845 కోట్ల డాలర్లకు ఎంజీఎంను కొన్నది, అంత పెట్టిన సంస్థ ఒక సినిమా తీసి నాలుగేళ్లు ఆగడం కష్టం, పక్క పాత్రలతో సీరియళ్ల ఆలోచనలు రావడం సహజం.

కాలం కూడా ఒత్తిడి పెడుతోంది. ఫ్లెమింగ్ 1964లో చనిపోయారు. రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల కాపీరైట్ ఉన్న మన దేశంలో, ఆయన బతికుండగా అచ్చయిన నవలలు 2025 జనవరి నుంచే అందరివీ అయ్యాయి. బ్రిటన్‌లో 70 ఏళ్లు కాబట్టి అక్కడ 2035లో అవుతాయి. సినిమాలు కలిపిన థీమ్, కార్లు, తుపాకీ గొట్టం షాట్, ట్రేడ్‌మార్కులు అప్పటికీ కంపెనీ చేతిలోనే ఉంటాయి, నవలల్లోని మనిషిని మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు. అప్పుడు ఒకే సమయంలో ఇద్దరు ముగ్గురు బాండ్‌లు తెర మీద ఉండే రోజు రావచ్చు. విల్నెవ్ ఎంచుకునే నటుడు ఆ లోపు ప్రేక్షకుల మనసులో ఎంత పాతుకుపోతాడన్నది అమెజాన్‌కు వసూళ్లంత ముఖ్యం.